ముందుకు పోవడం వేరు, ఆగడం వేరు

"మనది ఆల్ వీల్ డ్రైవ్ కదా, ఏం కాదు" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అబుదాబిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట షోరూముల్లో విన్నాను, పార్కింగుల్లో విన్నాను, పిల్లల పుట్టినరోజు విందుల్లో బిర్యానీ పళ్ళెం చేతపట్టుకుని నిలబడ్డ మగవాళ్ళ నోట విన్నాను. అనేవాళ్ళకు అది వట్టి గొప్ప. నాకు మాత్రం అలా కాదు. ఆ మాట పుణ్యమా అని ఏ తప్పూ చేయని ఒక మనిషి మూటాముల్లే సర్దుకునే దాకా వెళ్ళడం కళ్ళారా చూశాను.

అది రెండు వేల పదమూడు. మాది హనుమకొండ. నేను ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో సైట్ ఇంజనీరుగా చేసేదాన్ని. మా ఆయన నగరంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేవారు. నగరం శివార్లలో ఉన్న బనియాస్‌లో ఒక విల్లా వెనక భాగంలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మా కంపెనీ మఫ్రఖ్ దాటాక, హైవే నుంచి లోపలికి, ఎడారిలో ఒక పంపింగ్ స్టేషన్ కడుతోంది. హైవే దిగాక కొంత దూరం సన్నటి తారు రోడ్డు. అది సైట్ గేటు దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి పైపులైను పోయేదంతా వట్టి ఇసుక.

సైట్ ఇంజనీర్లందరికీ కంపెనీ తలా ఒక ఎస్‌యూవీ ఇచ్చింది. ఇంజను బలం ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ అందే ఆల్ వీల్ డ్రైవ్ బండి. అందరికీ అన్నాను కానీ, నాకు తప్ప. సైట్ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"మేడమ్, మీకు ఇసుకలో డ్రైవింగ్ ఎందుకు? ఎవరో ఒకరు తీసుకెళ్తారు కదా" అన్నాడు బండ్లు చూసే ఆఫీసులో కూర్చున్నతను, ఎంతో మేలు చేస్తున్నట్టు.

"పైపులైను కొలతలు తీసేది ఎవరు?" అని అడిగాను.

"మీరే."

"పైపులైను ఎక్కడుంది?"

అతను రిజిస్టరు తెరిచి అందులోకి చూశాడు. వారం రోజులు పొద్దునా సాయంత్రం అదే ప్రశ్న అడిగాను. ఎవరి బండి ఖాళీగా ఉందో అని గేటు దగ్గర నిలబడి ఎదురుచూడటం నా చదువుకీ ఉద్యోగానికీ అవమానం అనిపించేది. చివరికి అతనే విసిగిపోయి, ఇంకెవరో వాడి వదిలేసిన తెల్లబండి తాళం బల్ల మీదకు విసిరాడు. బంపరుకు గీతలున్నాయి, ఏసీ ఆన్ చేస్తే కుయ్యిమనేది. పోనీలే అనుకున్నాను.

ఆ బండి ఇసుకలో దిగిన మొదటి రోజే కూరుకుపోయింది. ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ నాలుగు చక్రాలూ నాలుగు గుంతలు తవ్వుకుని కూర్చున్నాయి. నేను దిగి చేత్తో ఇసుక తోడుతుంటే, ఒంటెలకు మేత తీసుకెళ్తున్న పికప్ ఒకటి ఆగింది. పాదాల దాకా వచ్చే తెల్ల అంగీ, కందూరా వేసుకున్న ఒక స్థానిక పెద్దాయన దిగాడు. పలకరింపు లేదు, ఏం లేదు. వంగి, ఒక పుల్లతో నా బండి టైరు గాలి తీయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?" అని అరిచాను.

"హవా జ్యాదా! హవా జ్యాదా!" అని నా మీద అంతకన్నా గట్టిగా అరిచాడు. ఒక్కో టైరులో సగం దాకా గాలి తీసి, డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ ఉన్న మీట వేలితో నొక్కి పట్టుకుని, "యల్లా, సీదా, బ్రేక్ నహీ" అన్నాడు, పద, తిన్నగా పో, బ్రేకు తొక్కకు అన్నట్టు. రివర్స్ వేసి మెల్లగా తొక్కాను. బండి ఏమీ జరగనట్టు నా పాత జాడల్లోంచే బయటికి వచ్చేసింది. ఆయన నవ్వలేదు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అడగకుండా గాలి తీసినందుకు నాకు కోపం, ఆయన చెప్పింది నిజమైనందుకు ఇంకా కోపం.

తర్వాత ఇంట్లో కూర్చుని చదువుకున్నాను. గాలి తగ్గితే టైరు కింద వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, ఇసుక మోస్తుంది. చక్రం జారగానే ఇంజను బలాన్ని కోసేసే కంప్యూటర్ తారు మీద మంచిది, ఇసుకలో చెడ్డది. అందుకే ఆ మీట. దిబ్బ ఎక్కేటప్పుడు తిన్నగా ఎక్కాలి, తిన్నగా దిగాలి, అడ్డంగా పోకూడదు. ఆపాలంటే బ్రేకు తొక్కకూడదు, వేగం దానంతటదే చచ్చేలా వదిలేయాలి. తొక్కితే ముందు చక్రాల దగ్గర ఇసుక పోగై అక్కడే దిగబడిపోతాం. తిరిగి తారు ఎక్కగానే గాలి నింపుకోవాలి, లేదంటే టైరు వేడెక్కి పేలుతుంది. నెల తిరిగేసరికి చేతులకు అలవాటైపోయింది.

తారు రోడ్డు మీద వాన సంగతి మాత్రం నన్ను ముందు భయపెట్టి నేర్పింది. అక్కడి చలికాలం మనకు నవ్వొచ్చే చలికాలమే. స్వెట్టరు వేసుకునేది ఏసీ ఆఫీసుల్లోనే. కానీ నెలల తరబడి ఎండలో కాగిన రోడ్డు మీద నూనె, టైరు రబ్బరు, సన్నటి ఇసుక పేరుకుని ఉంటాయి. మొదటి వాన పడగానే అదంతా కలిసి సబ్బునీళ్ళలా తయారవుతుంది. ఆ మొదటి వాన రోజు బనియాస్‌లో ఎర్రలైటు చూసి బ్రేకు తొక్కాను. పెడల్ కాలికింద గిలగిలా కొట్టుకుంది. బండి గీత దాటి, జీబ్రా చారలు దాటి, అప్పుడు ఆగింది. పచ్చలైటు పడ్డాక చక్రం కొంచెం కూడా జారకుండా ఎంత హుందాగా బయల్దేరిందంటే, ఇందాక జారింది ఈ బండేనా అనిపించింది. అప్పుడు తట్టింది నాకు. బలం నాలుగు చక్రాలకు పోవడం కొన్ని బండ్లకే ఉంటుంది. బ్రేకులు మాత్రం ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆగే విషయంలో నా బండికి ఏ ప్రత్యేకతా లేదు. పైగా బరువెక్కువ.

ఇంత చిన్న సంగతి మా సీనియర్ ఇంజనీరుకు తెలియదంటే ఇప్పటికీ నమ్మలేను. ఆయనది విజయవాడ. నాకంటే పదేళ్ళు పెద్ద. మనిషి చెడ్డవాడని అనను. పండగలకు సైట్‌కు స్వీట్లు తెచ్చేవాడు, ఎవరికైనా జ్వరమొస్తే మందులు ఇప్పించేవాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. అద్దంలో ఆయన హెడ్‌లైట్లు టపటప కొడుతుంటే మిగతావాళ్ళు లైను వదిలి తప్పుకోవాలి.

ఆ సంవత్సరం చలికాలం ముదిరాక ఒక పొద్దున ముసురు పట్టింది. హైవే మీద నేను మా సైట్ పనివాళ్ళ బస్సు వెనకాలే వస్తున్నాను. ఆ బస్సు రోజూ మఫ్రఖ్ క్యాంపు నుంచి మేస్త్రీలనూ, ఇనుప పనివాళ్ళనూ తెచ్చేది. నడిపేది నిజామాబాద్ వైపు మనిషి. నలభై దాటినవాడు, ముక్కుమీద కోపం. బస్సు కుడి లైనులో మెల్లగా పోతోంది. మా సైట్ మలుపు దగ్గరపడుతోంది. వెనకనుంచి హెడ్‌లైట్లు కొట్టుకుంటూ మా సీనియర్ బండి నన్ను దాటింది, బస్సును దాటింది, మలుపు తప్పిపోతుందని బస్సు ముందుకు కుడివైపు కోసేసింది. మలుపు దగ్గర గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉంది, దాని మీద నీళ్ళు. ఆయన బ్రేకు లైట్లు వెలిగాయి. బండి మాత్రం మలుపు తిరగలేదు. స్టీరింగ్ తిప్పినవైపు చక్రాలు చూస్తున్నాయి, బండి తన దారిన తాను తిన్నగా జారిపోయి, గిర్రున తిరిగి, బస్సుకు అడ్డంగా నిలబడింది.

బస్సు ఆయన్ను గుద్దలేదు. డ్రైవర్ బస్సును రోడ్డు దించి ఇసుకలోకి తోలాడు. ముందు చక్రాలు తడి ఇసుకలో కూరుకుని, లోపల ఏదో విరిగిన చప్పుడై, బస్సు పక్కకు ఒరిగి ఆగిపోయింది.

నేను రోడ్డు పక్కన ఆపి పరుగెత్తాను. మనుషులు ఒక్కొక్కరే దిగుతున్నారు. ముందు సీట్లో కూర్చున్న ఒక మేస్త్రీకి ఇనుప కడ్డీ తగిలి నుదురు చిట్లింది. రక్తం వానలో కలిసి చొక్కా అంతా అయింది. నా దుపట్టా మడిచి అదిమి పట్టుకోమని ఇచ్చాను. మిగతావాళ్ళకు దెబ్బలు లేవు.

"అక్కా, చూసినవు గదా?" డ్రైవర్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "నేను నా లైన్లనే పోతున్న. ఆయన్నే అడ్డం కొట్టిండు. ఇసుకల దించకపోతే ఆయన బతుకుతుండెనా?"

మా సీనియర్ అప్పటికి గొడుగు వేసుకుని వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఒక్క మాట క్షమించమని అంటాడనుకున్నాను.

"ఏంటయ్యా ఆ నడపడం? నీ మూలాన నేను పోయేవాణ్ణి. నాది ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి సరిపోయింది" అన్నాడు.

నేను నమ్మలేక ఆయన మొహంలోకి చూశాను. మేస్త్రీని నా బండిలో క్లినిక్‌కు తీసుకెళ్ళి కుట్లు వేయించి వచ్చేసరికి కథ మొత్తం తయారైపోయింది. బస్సు ముందు ఇరుసు వంగింది కాబట్టి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. సీనియర్ బండి తడి రోడ్డు మీద జారే రకం కాదు, కాబట్టి అది జారలేదు, బస్సే తోసుకొచ్చింది. కాబట్టి డ్రైవర్ వీసా క్యాన్సిల్ చేసి ఊరికి పంపాలి. ముదీర్, అంటే మా ప్రాజెక్ట్ మేనేజర్, ఇది నాకు తాపీగా వివరించాడు. ఆయనకూ అదే బండి ఉంది, కొత్తది.

"సర్, నేను వెనకే ఉన్నాను. చూశాను. బస్సు లైను మారలేదు."

మా సీనియర్ అక్కడే కూర్చున్నాడు. తెలుగులో, అదీ జాలిగా, "మీరు వెనకాల ఉన్నారమ్మా. ఆ వానలో మీకేం కనపడుంటుంది చెప్పండి?" అన్నాడు.

"మీ బ్రేకు లైట్లు కనబడ్డాయి సార్. అవి వెలిగాక మీ బండి ఎంత దూరం జారిందో కూడా కనబడింది."

"ఆల్ వీల్ డ్రైవ్ జారదు మేడమ్, దానికోసమే కదా కొనేది" అన్నాడు ముదీర్ ఇంగ్లీషులో, నవ్వుతూ.

ఆ నవ్వుకు నా చెవులు వేడెక్కాయి. ఇద్దరూ ఇంజనీర్లే. ఇద్దరూ ఘర్షణ అంటే ఏమిటో పరీక్షల్లో రాసి పాసైనవాళ్ళే. ఒక మనిషి పొట్ట కొట్టడానికి చదివిందంతా మర్చిపోయారు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన చాలాసేపు విన్నారు. "నీకెందుకు లొల్లి? రేపు నీ కొలువు మీదికొస్తది" అన్నారు.

"వస్తే రానీ. కండ్ల ముందట చూసి నోరు మూసుకుందునా?"

ఆయన లైటు ఆర్పి పడుకున్నారు. పొద్దున బయల్దేరుతుంటే మాత్రం, "ఎట్ల చెప్తవో జర నిమ్మళంగ చెప్పు" అన్నారు.

నిమ్మళంగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే చెప్పడం మానేసి చూపించాలనుకున్నాను. సైట్‌లో నేల గట్టిపరచడానికి నీళ్ళు చల్లే ట్యాంకర్ ఉంటుంది. గేటు ముందు తారు రోడ్డు మీద గాలికి వచ్చిన ఇసుక ఎలాగూ పరుచుకుని ఉంది. ఒక భాగం మీద నీళ్ళు కొట్టించాను, ఇంకో భాగం ఊడిపించి పొడిగా ఉంచాను. రెండు చోట్లా ఖాళీ పెయింటు డబ్బాలు నిలబెట్టించి, ముదీర్‌ను బయటికి పిలిచాను. మా సీనియర్ కూడా వచ్చాడు.

"సార్, మీ బండి తాళం ఇవ్వండి" అన్నాను.

"నా బండెందుకు? మీ బండి ఉందిగా."

"జారని బండి మీదే కదా."

ముదీర్ చెయ్యి చాపాడు. తాళం ఇవ్వక తప్పలేదు.

ముదీర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ముందు పొడి రోడ్డు మీద నడిపాను. ముల్లు నలభై దగ్గర ఉండగా బ్రేకు తొక్కాను. డబ్బాలకు ఇంకా చాలా దూరం ఉండగానే బండి ఆగింది. తర్వాత తడి రోడ్డు మీదకు తెచ్చి, ఆపి, మళ్ళీ బయల్దేరాను. "చూడండి సర్, బయల్దేరడంలో ఏ లోటూ లేదు. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి" అన్నాను. అదే వేగం, అంతే దూరంలో బ్రేకు. పెడల్ టకటకా కొట్టుకుంది, బండి ముక్కు కొంచెం పక్కకు తిరిగింది, డబ్బాలను గుద్దుకుంటూ వాటిని దాటి వెళ్ళాక ఆగింది. ఒక డబ్బా చప్పుడు చేసుకుంటూ దొర్లి వెళ్ళి మా సీనియర్ కాళ్ళ దగ్గర ఆగింది.

ముదీర్ తన తలుపు మీదున్న పిడిని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి చేశాను. అప్పుడాయన దిగి, తానే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆయన నాకన్నా వేగంగా వెళ్ళి, నాకన్నా దూరం జారి, గేటు పక్క కంచెకు దగ్గరగా ఆపి, పకపకా నవ్వాడు. మళ్ళీ వెళ్ళాడు. జాతరలో రంగులరాట్నం ఎక్కిన పిల్లాడిలా మూడోసారి కూడా వెళ్ళాడు. క్యాంపులో ఒక మనిషి సంచి సర్దుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇక్కడ ఈయన ఆడుకుంటున్నాడు. నాకు ఆ క్షణంలో కలిగినంత కోపం జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

దిగాక చేతులు దులుపుకుని, "ఓకే మేడమ్, డ్రైవర్‌ను పంపడం లేదు. ఇద్దరిదీ చెరి కొంచెం పొరపాటు. ఖలాస్" అన్నాడు.

"బస్సు డ్రైవర్‌ది ఏం పొరపాటు సర్?"

"మేడమ్, ఖలాస్ అన్నాను కదా. యల్లా, పని చూసుకోండి."

సాయంత్రం మఫ్రఖ్ క్యాంపుకు నేనే వెళ్ళి డ్రైవర్‌కు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను నా మొహం చూసి, "గంతేనా?" అన్నాడు.

"ఉద్యోగం ఉంది గదా అన్నా, ఊరికి పంపుతలేరు."

"మంచిదే అక్కా, నీ మేలు మర్వ. గని బస్సుల ఉన్నోళ్ళందరు నన్నే తిడుతున్నరు. పైసలిచ్చినా నా బస్సు ఎక్కం అంటున్నరు. తప్పు నాది కాదని ఆ పెద్దసారుతోని అందరి ముందట చెప్పియ్యి."

అతను అడిగింది న్యాయం. మొదట నాకు కొంచెం ఉక్రోషం వచ్చినా, తిరిగి వస్తుంటే దారిలో అర్థమైంది. కొలువు నిలిచింది కానీ మాట పోయింది. నేను తెచ్చింది సగమే.

పెద్దసారు చెప్పడు. అది నాకు తెలుసు. అందుకే మిగతా సగం నేనే మీదేసుకున్నాను. మా సైట్‌లో పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి, హెల్మెట్ పెట్టుకోండి, తాడు కట్టుకోండి అని భద్రత గురించి చెప్పేవారు. ఆ వారం చెప్పే వంతు నాది. నుదుటికి కట్టుతో ఆ మేస్త్రీ ముందు వరసలోనే ఉన్నాడు. పక్కన ఇంజనీర్లు, వాళ్ళ మధ్యలో మా సీనియర్. నేను హిందీలో మొదలుపెట్టాను, తర్వాత తెలుగులో చెప్పాను.

"మొన్న వానల బస్సు ఇసుకల దిగింది. డ్రైవర్ తప్పు లేదు. ముందట ఒక బండి కోసుకొచ్చి, బ్రేకు పడక అడ్డం నిలవడ్డది. ఈ అన్న బస్సు దించకపోతే ఆ బండిల ఉన్నాయన ఇయ్యాల ఈడ ఉండకపోతుండె. నాలుగు చక్రాలకు బలం పోయే బండైనా తడిల జల్ది ఆగదు. ముందటి బండికి దూరం ఉంచుండ్రి, మెల్లగ నడుపుండ్రి. గంతే."

ఎవరి పేరూ ఎత్తలేదు. అక్కర్లేకపోయింది. వరసల్లో తలలన్నీ ఒకవైపు తిరిగాయి. మా సీనియర్ నేల చూస్తూ నిలబడ్డాడు, తర్వాత ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక వరసలో ఎవరో డ్రైవర్ భుజం మీద చెయ్యి వేశారు. అతను ఆ చెయ్యి విదిలించుకున్నాడు. అన్నాళ్ళూ తిట్టినవాళ్ళను అంత తొందరగా ఎందుకు క్షమించాలి? నాకది నచ్చింది.

ఆ మధ్యాహ్నమే నా బండి తాళం వెనక్కి అడిగారు. "బండ్లు మళ్ళీ పంచుతున్నాం" అన్నారు. నాకు ఇసుకలో పనికిరాని ఒక చిన్న సెడాన్ కారు ఇచ్చారు. నేను వాదించలేదు. పైపులైను పని ఉన్నప్పుడల్లా దాన్ని అలాగే ఇసుకలోకి దింపి, కూరుకుపోగానే ఫోన్ చేసి, నీడలో కూర్చునేదాన్ని. ప్రతిసారీ మట్టి తవ్వే లోడర్ పని ఆపుకుని వచ్చి లాగాల్సి వచ్చేది. కొన్నాళ్ళకు లోడర్ పని వెనకబడిపోతోందని ముదీరే గోలపెట్టి ఆ తెల్లబండి తాళం నాకు తిరిగి పంపించాడు. న్యాయం అనిపించి కాదు, లోడర్ కోసం.

బస్సు డ్రైవర్ ఒప్పందం అయిపోయాక షార్జాలో ఒక స్కూలు బస్సుకు మారాడు. వెళ్ళేముందు సైట్ గేటు దగ్గర నా బండి ఆపి, "పోతున్న అక్కా" అని చెప్పి వెళ్ళాడు. మేస్త్రీ నుదుటి మీద మచ్చ అలాగే ఉండిపోయింది.

మా సీనియర్ మరుసటి ఏడు పక్క ప్రాజెక్టుకు ముదీర్ అయ్యాడు. కంపెనీ ఆయనకు ఇంకా పెద్ద బండి ఇచ్చింది. ఆ వార్త విన్న సాయంత్రం వంటింట్లో గిన్నెను స్టవ్ మీద పెట్టిన ఊపుకు దాని అంచు సొట్టపోయింది. మా ఆయన లోపలికి వచ్చి, ఏమైందని అడక్కుండా ఆ గిన్నె పక్కకు జరిపి, ఇంకో గిన్నెలో టీ పెట్టారు.